వైరస్ పదికాలాలపాటు పచ్చగా ఉండాలంటే

హెచ్ఐవీకి మన దగ్గర రోజులు బాగాలేవు. 1986లో మద్రాసులో తొలి కేసులు బయటపడ్డప్పుడు దానికి ఎదురన్నదే లేదు. మందు లేదు, జనంలో ఉన్న భయమంతా దాని పక్షమే. ఇప్పుడు చూడండి. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వం వైరస్‌ను అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి ఒంట్లోని రక్షణ కణాలు, అంటే సీడీ4, ఎంతుందన్న లెక్కతో పనిలేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెడుతున్నారు. ఆ మందు కూడా గుప్పెడు గోలీలేం కాదు. టెనోఫొవిర్, లామివుడిన్, డొల్యూటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే మాత్ర, రోజుకొక్కసారి. దాన్ని తప్పకుండా వేసుకునే మనిషి రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది.

ఇలాంటి కష్టకాలంలో దానికి మిగిలిన అండ మనమే. మన సిగ్గూ, మన పరువూ, పడకగది సంగతి ఎత్తగానే మాట మార్చేసే మన పెద్దరికమూ. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షలకు పైగా మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారని 2021 నాటి జాతీయ అంచనాలు చెబుతున్నాయి. మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది ఉన్నది అక్కడే. ఇంతమంది ఇళ్లలో వైరస్‌కు ఏ లోటూ రాకుండా చూసుకోవాలంటే ఓ పద్ధతి ఉండాలి కదా. ఆ పద్ధతులనే కింద చిట్కాలుగా ఇస్తున్నాం. చాలావరకు మీకు తెలిసినవే, కొన్నిటిని ఇప్పటికే నిష్ఠగా పాటిస్తూ ఉండవచ్చు కూడా.

1. పరీక్ష మాట ఇంట్లోకి రానివ్వకండి

2000ల మొదట్లో మన ఊళ్లలో ఎక్కడ చూసినా, పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అన్న ప్రశ్న హోర్డింగుల మీద కనిపించేది. టీకొట్ల దగ్గర అది పెద్ద జోకైపోయింది. పులిరాజా ఎవరు, ఏం చేశాడు, వచ్చిందా రాలేదా అని అందరూ మాట్లాడుకున్నారు. తన సంగతేమిటని అడుక్కున్నవాళ్లు తక్కువ. మనకు కావలసింది ఆ మార్గమే. జబ్బు ఎప్పుడూ పులిరాజాది కావాలి, లారీ డ్రైవరుది కావాలి, పక్క జిల్లావాళ్లది కావాలి.

వైరస్ ఒంట్లో చేరిన తొలి వారాల్లోనే రక్తంలో విపరీతంగా పెరుగుతుంది. ఇతరులకు సులువుగా సోకేది కూడా అప్పుడే. కొందరికి నాలుగు రోజులు జ్వరం వచ్చి పోతుంది, కొందరికి అదీ ఉండదు. మనిషి దుక్కలా తిరుగుతుంటాడు కాబట్టి పరీక్ష ఎందుకన్న వాదనకు ఇంతకంటే అనువైన సమయం దొరకదు.

పొరపాటు జరిగిందని అనుమానం వస్తే 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి, 28 రోజులు వాడితే వైరస్ నిలదొక్కుకోకుండా ఆపే వీలుంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదట. అందుకని ఆ మూడు రోజులూ ఎవరిని అడగాలా అని ఆలోచిస్తూ గడపండి. నాలుగో రోజు ఎవరిని అడిగినా వైరస్‌కు అభ్యంతరం లేదు.

మగవాడు పరీక్షకు వెళ్లడం నామోషీ. భార్యకు నెల తప్పాక ఆసుపత్రివాళ్లు ఎలాగూ ఆమెకు చేస్తారు. ఆమెకు పాజిటివ్ వస్తే, ముందు తేలింది ఆమెకే కాబట్టి తెచ్చిందీ ఆమే అని తీర్మానించి పుట్టింటికి పంపేయండి. భర్త మాత్రం పొరపాటున కూడా రక్తం ఇవ్వకూడదు, ఇస్తే తీర్మానం చెడిపోవచ్చు. ఏ మందూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి మందులు వాడుతూ, పుట్టిన బిడ్డకు సిరప్ పట్టిస్తే అది 5 శాతం లోపుకు పడిపోతుంది. ఏడ్చుకుంటూ ఊరు మారిన గర్భిణికి మందుల సెంటర్‌తో సంబంధం తెగిపోతే ఎవరికి లాభమో మళ్లీ చెప్పనక్కర్లేదు.

2. మాత్రను వీలును బట్టి వేసుకోండి

ఒంట్లో బాగాలేనప్పుడు మాత్ర వేసుకోవడం ఎవరైనా చేస్తారు. బాగున్నప్పుడు ఆపడంలోనే మన తెలివి ఉంది. పెళ్లికి వెళ్తే నాలుగు రోజులు, పనికోసం వలస వెళ్తే రెండు నెలలు, దీక్ష తీసుకుంటే మండలం పాటు ఆపండి. మాత్రలు ఆపిన కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది. వేస్తూ మానుతూ ఉంటే మందుకు లొంగని రకంగా మారే అవకాశమూ దానికి దొరుకుతుంది.

ఇంట్లో చుట్టాలుంటే డబ్బా బయటకు తీయకండి, గలగలమంటే ఎవరైనా ఏమిటని అడుగుతారు. చిన్న పొట్లంలో ఓ వారానికి సరిపడా మార్చుకుని జేబులో పెట్టుకోవచ్చు, ఫోనులో అలారం పెట్టుకుని దానికి ఏదో ఒక పేరు తగిలించవచ్చు. నిలకడగా ఉన్నవాళ్లకు సెంటర్‌లో ఒకేసారి ఒక నెలకు మించి మందులు ఇచ్చే వీలు కూడా ఉంది. ఇవన్నీ తెలిస్తే మానేయడానికి సాకు మిగలదు కాబట్టి కౌన్సెలర్‌తో ఆ మాటే ఎత్తకండి.

డొల్యూటెగ్రావిర్ ఉన్న మాత్రను కడుపుమంట మందుతో కలిపి ఒకే గుక్కలో మింగండి. యాంటాసిడ్ దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఈ మాత్ర వేసుకున్న 2 గంటలకో, దీనికి 6 గంటల ముందో యాంటాసిడ్ తీసుకోవాలని చెప్పేవాళ్లను చాదస్తులుగా లెక్కగట్టండి.

ఇక పసరు వైద్యం. నలభై రోజుల్లో నెగిటివ్ చేస్తానన్న మనిషి ప్రతి జిల్లాలోనూ ఒకడుంటాడు. నయం చేస్తామనీ రాకుండా ఆపుతామనీ ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల జాబితా ఒకటి మన ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జె పేరుతో ఉంది, ఎయిడ్స్ అందులో ఉంది. కానీ చట్టం చదివి వైద్యానికి వెళ్లేదెవరు? అతనికి డబ్బు కట్టండి, సెంటర్ మాత్రలు మానేయండి. అతను మానమన్నాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది.

3. వైరల్ లోడ్ రిపోర్టును మడిచి సెంటర్ ఇచ్చే గ్రీన్ బుక్‌లో పెట్టేయండి

ఈ జాబితాలో వైరస్ ప్రాణం నిలబడేది ఈ చిట్కా మీదే. కాస్త ఓపిగ్గా చదవండి.

మందు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి వైరల్ లోడ్ పరీక్ష ఉంటుంది. మిల్లీలీటరు రక్తంలో వైరస్ ఎంతుందో అది చెబుతుంది. అది పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే, ఆ మనిషి నుంచి లైంగికంగా భాగస్వామికి హెచ్ఐవీ సోకదు. అనుమానంతోనో ఆశతోనో అంటున్న మాట కాదిది. ఒకరు పాజిటివ్, ఒకరు నెగిటివ్ అయిన జంటల మీద జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనంలో చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నాయి. ముందుగా మందు మొదలుపెడితే సోకడం 96 శాతం తగ్గిందని 2011లో అది తేల్చింది. యూరప్‌లో పార్ట్‌నర్ అధ్యయనం కండోమ్ లేకుండా జరిగిన సుమారు 58,000 కలయికలను లెక్కించి, వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదని 2016లో చెప్పింది. 2019లో స్వలింగ జంటల మీద వచ్చిన రెండో విడతలో దాదాపు 76,000 కలయికలు. అక్కడా సోకినవాళ్లు సున్నా. ప్రపంచమంతా దీన్ని యూ ఈక్వల్స్ యూ అంటోంది. వైరస్ అందకపోతే అంటదు అని మనం చెప్పుకోవచ్చు.

ఇంత ప్రమాదకరమైన వార్త జనంలోకి పోకుండా ఆపడానికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది అసలు చెప్పకపోవడం. చెబితే చెడిపోతారు, విచ్చలవిడిగా తిరుగుతారు అని ఆసుపత్రి గదుల్లో గట్టిగా నమ్మేవాళ్లున్నారు. వాళ్లను కాపాడుకోండి. ఏళ్ల తరబడి మందులు తప్పని మనిషి కూడా తనను తాను విషంలా చూసుకోవాలి. భార్య పక్కన పడుకోవాలంటే వణకాలి, కూతురికి ముద్దు పెట్టాలంటే వెనకాడాలి. ఆ భయంలో కొందరు కాపురమే మానేస్తారు. మరికొందరు ఎలాగూ ప్రమాదకరమే కదా, ఇక జాగ్రత్త దేనికని అన్నీ గాలికొదిలేస్తారు. మాత్ర వేసుకోవడానికి ప్రేమకంటే పెద్ద కారణం ఉండదు. ఆ కారణాన్ని మనిషికి దక్కకుండా చేస్తే మిగతా పని వైరస్ చూసుకుంటుంది.

రెండోది సగం చెప్పడం. మందులు మొదలెట్టాం కదా, ఇక ఫరవాలేదని నిన్న మొదలుపెట్టినవాడికి ధైర్యం చెప్పండి. కనీసం 6 నెలలు మాత్రలు వాడాలి, పరీక్షలో వైరస్ అణిగిందని తేలాలి, ఆ తర్వాతా ఆపకుండా వాడాలి అన్న మూడు ముక్కలూ మింగేయండి. సగం నిజం అబద్ధంకంటే బాగా పనిచేస్తుంది.

మూడోది కలగాపులగం చేయడం. సీడీ4 అంటే ఒంట్లో రక్షణ కణాల లెక్క, వైరల్ లోడ్ అంటే వైరస్ లెక్క. సీడీ4 ఎనిమిది వందలుంది కాబట్టి నా నుంచి ఎవరికీ సోకదని వాదించే బావగారు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారిని వారించకండి.

4. కండోమ్ విషయంలో సొంత తెలివి వాడండి

ఒకటికంటే రెండు గట్టివని ఒకదాని మీద ఒకటి తొడగండి, రాపిడికి రెండూ చిరుగుతాయి. జారుడుకు కొబ్బరినూనె రాయండి. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది, వాసనైతే బాగుంటుంది. నీటి ఆధారంగా చేసిన జెల్ మెడికల్ షాపులో దొరుకుతుందని చెప్పేవాళ్లకు మన సంస్కృతి తెలియదు. పర్సులో పెట్టుకుని ఎండాకాలమంతా దాని మీద కూర్చుని తిరగండి. తేదీ చూడకండి.

ఆసుపత్రుల్లో ఉచితంగా పెట్టే కండోమ్ పెట్టెను సరిగ్గా క్యూ ఎదురుగా, సెక్యూరిటీ కుర్చీ పక్కన బిగించండి. తీసుకోబోయిన చేతిని నలభై జతల కళ్లు చూడాలి. షాపులో అడిగితే కుర్రాడు కౌంటరు అవతలి నుంచి ఏ సైజు అన్నా అని కేకేయాలి. ఆడమనిషి అడిగితే మౌనంగా తేరిపార చూస్తే చాలు, మళ్లీ రాదు.

ఇద్దరూ పాజిటివ్ అయితే ఇక కండోమ్ దేనికి అన్నది మనవాళ్లకు ఎంతో ఇష్టమైన వాదన. ఇద్దరికీ వైరస్ అణిగి ఉంటే హెచ్ఐవీ గురించి బెంగ అక్కర్లేదన్నది నిజమే. అణిగిందో లేదో చూసుకోకుండా అనడంలోనే కిటుకుంది. ఒకరు మాత్రలు మానేసి మందుకు లొంగని వైరస్‌ను పెంచుకుని ఉంటే, అది రెండోవారికి చేరే వీలుంటుంది, అరుదుగానైనా. గర్భం, మిగతా సుఖవ్యాధుల సంగతి ఎలాగూ వేరే.

5. మిగతా సుఖవ్యాధులను లెక్కలోకి తీసుకోకండి

పెద్ద జబ్బే వచ్చాక చిన్నవాటికి భయపడేదేముంది? వైరల్ లోడ్ సున్నాకు దగ్గరైనా సవాయి ఆగదు, సెగ ఆగదు, హెచ్‌పీవీ ఆగదు. మాత్ర ఒక్క హెచ్ఐవీని ఆపుతుంది, తక్కినవాటికి దారి తెరిచే ఉంటుంది.

సవాయి మన పాలిట గొప్ప మిత్రుడు. మొదట వచ్చే పుండు నొప్పి పెట్టదు. కొన్ని వారాలకు దానంతటదే మానిపోతుంది. మానింది కాబట్టి పోయిందనుకుని, మెడికల్ షాపు ఆయింట్‌మెంటుకు దండం పెట్టుకోండి. జబ్బు లోపలే ఉండి ఏళ్ల తర్వాత గుండెనో మెదడునో పట్టుకుంటే అప్పటి డాక్టరు చూసుకుంటాడు. తొలి దశలో అయితే బెంజాథిన్ పెన్సిలిన్ ఒక్క మోతాదుతో పోయేదాన్ని ఇంతదూరం తేవడమంటే మాటలా? వైరస్ అణగని మనిషికి పుండు కూడా ఉంటే హెచ్ఐవీ ఇతరులకు అంటడం ఇంకా సులువవుతుందన్నది అదనపు లాభం.

ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లున్నాయి. లక్షణాన్ని బట్టి బూడిద, ఆకుపచ్చ, తెలుపు ఇలా రంగుల వారీగా మందుల కిట్లు అక్కడ ఉచితంగా ఇస్తారు. అటు వెళ్లక తప్పకపోతే ఒక్కరే వెళ్లండి. భార్యకో భాగస్వామికో చెప్పకండి. మీకు తగ్గుతుంది, వాళ్ల నుంచి మళ్లీ వస్తుంది, మళ్లీ తగ్గుతుంది. కిట్లు ఖర్చవుతూ ఉంటాయి, క్లినిక్ కళకళలాడుతుంది.

హెచ్‌పీవీ వల్ల వచ్చే గర్భాశయ ముఖ క్యాన్సర్ ముప్పు హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు, లేని స్త్రీలకంటే ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాతికేళ్లు నిండినప్పటి నుంచే క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలని కూడా. ఏళ్ల తరబడి ప్రతి నెలా మందులకు వచ్చిపోయే ఆడమనిషిని ఆ పరీక్ష చేయించావా అమ్మా అని ఎవరూ అడగకుండా చూడండి. పిల్లలయ్యాక, అందులోనూ భర్త పోయాక, అక్కడ చూపించుకోవాల్సిన అవసరం ఏముందని ఆమె కూడా అనుకుంటే మన పని తేలిక.

హెపటైటిస్ బి గురించి ఒక్కమాట. రోజూ వేసుకునే మాత్రలోని టెనోఫొవిర్, లామివుడిన్ ఆ వైరస్‌ను కూడా అణచిపెడతాయి. రెండూ ఉన్న మనిషి చెప్పాపెట్టకుండా మాత్రలు ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. రెండో చిట్కాను శ్రద్ధగా పాటించేవాళ్లకు ఇది కానుక.

6. చెప్పాల్సినవాళ్లకు చెప్పకండి, చెప్పకూడనివాళ్లకు చాటండి

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నారు పెద్దలు. మనం మొదటి సగాన్ని భార్యాభర్తల మధ్య అమలు చేద్దాం, ఊళ్లోకి వెళ్లేసరికి మర్చిపోదాం.

పడక పంచుకునే మనిషికి సంగతి తెలియకూడదు. తెలిస్తే పరీక్ష చేయించుకుంటుంది, నెగిటివ్ వస్తే జాగ్రత్తపడుతుంది, పాజిటివ్ వస్తే మందు మొదలుపెడుతుంది. ఏ విధంగా చూసినా వైరస్‌కు నష్టమే. ఆసుపత్రి సిబ్బంది మాత్రం మంచానికి కాగితం అంటించాలి, కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాయాలి, కారిడార్‌లో ఆ ఏఆర్‌టీ పేషెంటు ఎవరమ్మా అని పిలవాలి. సాయంత్రానికి ఊరంతా తెలియాలి.

దీనికి ఓ చట్టం అడ్డం ఉంది. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఏమంటుందంటే, మనిషి అనుమతి లేకుండా అతని పరిస్థితి బయటపెట్టకూడదు. ఉద్యోగం, చదువు, వైద్యం నిరాకరించకూడదు. ద్వేషం రెచ్చగొడితే 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. పాజిటివ్ అని తెలిసిన మనిషి ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలని కూడా అదే చట్టం అంటుంది. చెబితే తన్ని తరిమేస్తారన్న భయం ఉన్న స్త్రీల విషయంలో మినహాయింపులూ ఇచ్చింది. హక్కూ బాధ్యతా ఒకేచోట పెట్టిన ఇలాంటి కాగితాన్ని వెయిటింగ్ హాలు గోడకు అంటించకండి, జనం చదివేయగలరు.

7. డాక్టరమ్మ అడగకూడదు, పేషెంటు చెప్పకూడదు

ఈ ఒప్పందం ఎంతకాలం నిలిస్తే అంతకాలం మన పని సాఫీగా సాగుతుంది. ఆమె బరువు చూస్తుంది, దగ్గుందా అంటుంది, మాత్రలు మిగిలాయా అంటుంది. ఎవరితో ఉంటున్నావు, కండోమ్ వాడుతున్నావా, పిల్లలు కావాలనుందా అని అడగదు. తప్పనిసరై అడిగితే ప్రశ్నలోనే జవాబు పెట్టాలి. "ఇప్పుడు అలాంటివేం లేవు కదమ్మా?" అంటే "అయ్యో, లేదండీ" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు.

ముప్పై ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న మనిషికి మళ్లీ ఓ తోడు దొరికి, ఆ సంగతి చెప్పబోతే "ఇంకా ఇవన్నీ ఎందుకమ్మా నీకు?" అనండి. పైనెల నుంచి ఆమె ఏమీ చెప్పదు. మగవాళ్లతో ఉండే మగవాళ్లనూ, హిజ్రాలనూ, సెక్స్ వర్కర్లనూ ప్రశ్న అడిగేముందే ఒక చూపు చూడండి. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలను నేరం కాదని తేల్చింది. తీర్పుదేముంది, ఆ చూపు మన చేతిలో పనే కదా. చూపు చాలు, వాళ్లు పరీక్షకు రావడం మానేస్తారు. నెగిటివ్‌గా ఉన్నవాళ్లు ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్ర ఉందన్న సంగతి కూడా వాళ్ల దాకా పోదు.

8. పెళ్లి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి

కుర్రాడు పాజిటివ్ అని తెలిసింది. ఏం చేయాలి? త్వరగా సంబంధం చూడాలి. ఆడపిల్లవాళ్లకు చెప్పకూడదు. పెళ్లయ్యాక ఆమె అడగలేదు కాబట్టి చెప్పలేదంటే సరిపోతుంది. కుర్రాడికి ఆడపిల్లల మీద ధ్యాస లేదని ఇంట్లో తెలుసా? అయితే ఇంకా త్వరగా చేయండి, కుదురుకుంటాడు. కుదురుకోడు, దాచుకోవడం నేర్చుకుంటాడు. ఇద్దరి ఆరోగ్యం ఆ దాపరికం మీద నిలబడుతుంది.

ఇద్దరూ అన్నీ తెలిసి చేసుకునే పెళ్లిని మాత్రం గట్టిగా వ్యతిరేకించండి. 1998లో సుప్రీంకోర్టు ఒక కేసులో హెచ్ఐవీ ఉన్నవారి పెళ్లి హక్కు నిలిచిపోయినట్టే అన్న అర్థంలో వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్యలు ఆ కేసుకు అవసరం లేనివని 2002లో అదే కోర్టు స్పష్టం చేసింది. మనం 1998 దగ్గరే ఆగిపోదాం.

9. పిల్లలకు ఎప్పటికీ చెప్పకండి

పుట్టుకతోనే వైరస్ వచ్చిన పిల్లలు ఉచిత మందులతో బతికి పెద్దవాళ్లవుతున్నారు. కొందరు డిగ్రీలు చేసి ఉద్యోగాల్లో ఉన్నారు. వీళ్లకు చిన్నప్పటి నుంచి బలం మాత్ర అనే చెప్పండి. అమ్మానాన్నా లేకపోతే అమ్మమ్మ చెబుతుంది, ఊపిరితిత్తులకు మంచిదని. బడి వయసులోనే, అర్థమయ్యేంత మేరకు కొంచెం కొంచెంగా చెబుతూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మనం ఇంకా చిన్నపిల్లే కదా అంటూ పదహారు దాకా లాగుదాం.

అప్పుడేం జరుగుతుందో తెలుసా? ఆ పిల్ల ఫోనులో మాత్ర పేరు కొట్టి చూస్తుంది. ఒక్కతే, రాత్రిపూట. ఇంట్లో అందరూ ఇన్నేళ్లు తనతో అబద్ధమాడారని అర్థమైన మర్నాటి నుంచి మాత్ర కిటికీలోంచి బయటకు పోతుంది. అదే వయసులో ప్రేమ కూడా మొదలవుతుంది. అబ్బాయికి చెప్పాలా, ముద్దు పెట్టుకుంటే అంటుతుందా, తనకు పిల్లలు పుడతారా అని ఎవరినీ అడగలేదు. ముద్దుతో అంటదు. మందులు వాడుతూ, వైరస్ అణిగి ఉంటే ప్రేమా పెళ్లీ పిల్లలూ అన్నీ ఉంటాయి. ఈ రెండు వాక్యాలు ఏ పెద్దమనిషైనా రెండు నిమిషాల్లో చెప్పగలడు. అందుకే ఆ రెండు నిమిషాలు ఎవరికీ తీరిక లేకుండా చూడాలి.

10. బాధను సీసాలో ముంచండి

పాజిటివ్ అని తేలిన రోజు నుంచి మనిషిని ఒంటరిగా వదిలేస్తే తక్కినది తేలిగ్గా జరుగుతుంది. తాగుతాడు, తాగినప్పుడు మాత్ర మర్చిపోతాడు, కండోమ్ మర్చిపోతాడు, తెల్లారి సిగ్గుతో మళ్లీ తాగుతాడు. సెంటర్‌లో ఆ సంగతి చెబితే తిడతారని రావడమే మానేస్తాడు. తిట్టకుండా కూర్చోబెట్టి మాట్లాడితే ఈ గొలుసు తెగుతుందన్న అనుమానం ఉంది కాబట్టి, తిట్టండి.

ఆటంకాలు

ఎంత శ్రద్ధగా పాటించినా కొన్నిచోట్ల ఈ చిట్కాలు బెడిసికొడతాయి. ముందే హెచ్చరించడం మా ధర్మం.

భార్యాభర్తలిద్దరూ కలిసి సెంటర్‌కు వచ్చి ఒకే బెంచీ మీద కూర్చుంటే మొదటి, ఆరో చిట్కాలు పనిచేయవు. ముఖం చిట్లించకుండా, గొంతు తగ్గించి, అవసరమైనవే అడిగే కౌన్సెలర్ ఒక్కరున్నా ఏడోది పోతుంది. అన్నిటికంటే ప్రమాదం పాజిటివ్‌గా ఉన్నవాళ్ల సంఘాలు. ఏళ్ల తరబడి మందులు వాడుతూ, పెళ్లి చేసుకుని, నెగిటివ్ బిడ్డను కన్న మనిషి నిన్ననే పాజిటివ్ అని తెలిసిన కుర్రాడి పక్కన కూర్చుని "తమ్ముడూ, నేనూ ఇలాగే ఏడ్చాను" అన్నాడంటే, మనం ఇన్నాళ్లు కట్టుకున్నదంతా ఓ మధ్యాహ్నంలో కూలిపోతుంది. 1097 అనే ఉచిత ఫోన్ నంబరు కూడా ఒకటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడుపుతోంది, చెప్పింది బయటకు పోదు. దాన్ని ఫోనులో దాచుకోకండి.

చివరిగా, ఎట్టి పరిస్థితుల్లోనూ నోటి నుంచి రాకూడని ప్రశ్నల జాబితా ఇస్తున్నాం. తెలుసుకుని జాగ్రత్తపడటానికే. నా వైరల్ లోడ్ ఎంత, ఎప్పుడు చూశారు? నా నుంచి మా ఆవిడకు ఇప్పుడు సోకుతుందా? సవాయికీ హెపటైటిస్ బికీ నాకు పరీక్ష చేశారా? నాకు గర్భాశయ ముఖ పరీక్ష ఎక్కడ చేస్తారు? మాకు పిల్లలు కావాలి, ఎప్పటి నుంచి ప్రయత్నించవచ్చు? మా పాపకు ఈ సంగతి ఎలా చెప్పాలి, మీరు పక్కన ఉంటారా?

వీటిలో ఏ ఒక్కటి అడిగినా జవాబు అక్కడికక్కడే దొరికే ప్రమాదం ఉంది. పైగా డబ్బు కూడా తీసుకోరు.